విస్కీ జాక్, గ్రే జే, కెనడా జే: ఒక పిట్ట పేర్ల వెనుక కథ

టొరంటో నుంచి ఉత్తరం వైపు మూడు గంటలు కారు నడిపితే ఆల్గోంక్విన్ ప్రొవిన్షియల్ పార్క్ వస్తుంది. సెప్టెంబరు చివర మేపుల్ ఆకులు ఎర్రబారే రోజుల్లో ఆ రంగులు చూడటానికి వెళ్లే తెలుగు కుటుంబాలూ ఉంటాయి. హైవే 60 పక్కన, స్ప్రూస్ చెట్లు దగ్గరదగ్గరగా నిలిచిన చోట, పులిహోర డబ్బా మూత తీశారనుకోండి. చప్పుడు లేకుండా ఒక బూడిదరంగు పిట్ట వచ్చి పక్క కొమ్మ మీద వాలుతుంది. తల ఇటూ అటూ తిప్పి చూస్తుంది. బెదిరింపు ఏమీ లేదని తేలితే నేరుగా చేతి మీదికే వస్తుంది. ఓ ముక్క ముక్కున కరచుకుని చెట్లలోకి మాయమవుతుంది, నిమిషం తిరగకుండా మళ్లీ వస్తుంది.

ఆ పిట్ట పేరేమిటని అడిగితే, అడిగిన మనిషిని బట్టి జవాబు మారుతుంది. కొందరు కెనడా జే అంటారు, కొందరు గ్రే జే అంటారు. వయసు పైబడినవారు విస్కీ జాక్ అనే అంటారు. రాకీ పర్వతాల వైపు వెళ్తే క్యాంప్ రాబర్, అంటే గుడారాల దొంగ. శాస్త్రవేత్తల పుస్తకంలో పెరిసోరియస్ కెనడెన్సిస్. ఒక్కో పేరూ ఒక్కో కాలంలో ఒక్కో రకం మనుషులు ఈ పిట్టను ఏ కంటితో చూశారో చెబుతుంది. వాటిలో అన్నిటికంటే తక్కువ చెప్పే పేరే అరవై ఏళ్లపాటు అధికారికంగా చలామణీ అయింది.

ముందు పిట్ట సంగతి. ఇది కాకి కుటుంబానికి చెందింది. కాకులూ శాస్త్రం లెక్కలో పాటపక్షులే కాబట్టి ఇదీ పాటపక్షే. దీని గొంతులో గరగర శబ్దాలే కాదు, దగ్గరగా నిలబడితే తప్ప వినిపించనంత మెల్లని గుసగుస పాట కూడా ఉంది. పొడవు 25 నుంచి 33 సెంటీమీటర్లు. చూడటానికి పెద్దదిగా అనిపించినా బరువు 70 గ్రాముల చుట్టుపక్కలే. మన ఊరి గోరింకే 100 గ్రాములు తూగుతుంది. దీని ఆకారమంతా పొడవాటి తోక, దూదిలా పొంగిన దట్టమైన ఈకలు. చలి లోపలికి పోకుండా ముక్కు రంధ్రాలను కూడా ఈకలే కప్పి ఉంచుతాయి. అలాస్కా నుంచి న్యూఫౌండ్‌లాండ్ దాకా పరచుకున్న ఉత్తరాది సూదాకు అడవులన్నిటా ఉంటుంది. దక్షిణానికి దిగేకొద్దీ చలిని వెతుక్కుంటూ కొండ ఎక్కుతుంది. రాకీ పర్వతాల వెంట అరిజోనా, న్యూమెక్సికో దాకా ఎత్తైన కొండల మీది అడవుల్లో ఉంటుంది, పసిఫిక్ వైపు ఉత్తర కాలిఫోర్నియా దాకా కనిపిస్తుంది.

‘జే’ అనే మాట దగ్గర తెలుగువాళ్లు ఒక నిమిషం ఆగాలి. ఆ పక్షికి తెలుగులో పేరు లేదు. పోటీ పరీక్షల పుస్తకాల్లో పాలపిట్టకు ఇంగ్లిష్ పేరుగా ‘బ్లూ జే’ అని రాసి ఉండటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది ఇక్కడికి వచ్చిన ఇంగ్లిష్‌వాళ్లు పెట్టిన పేరు. తమ దేశపు జే రెక్కల్లోని నీలం వాళ్లకు పాలపిట్టలో కనిపించి ఉండాలి. నిజానికి పాలపిట్ట జే కాదు, కాకికి చుట్టమూ కాదు. అది లకుముకి పిట్టలకు దగ్గరి జాతి. కొత్త చోట కొత్త పక్షిని చూసిన మనిషి తనకు తెలిసిన పేరే దానికి తగిలిస్తాడు. ఈ పని మనమూ చేశాం. నీటికాకి కాకి కాదు, జెముడుకాకీ కాకి కాదు.

ఉత్తర అమెరికాకు వచ్చిన యూరప్ వాళ్లు మాత్రం ఈ బూడిదరంగు పిట్ట విషయంలో మరో దారి పట్టారు. అక్కడివాళ్ల మాటనే తీసుకుని తమ నోటికి తిప్పుకున్నారు. కెనడా ఉత్తరాన హడ్సన్ బే చుట్టుపక్కల బొచ్చు తోళ్ల వ్యాపారం సాగిన 18వ శతాబ్దంలో, అక్కడి ఆదివాసులైన క్రీ ప్రజలు ఈ పిట్టను ‘వీస్కచాన్’, ‘వీస్కచాక్’ వంటి మాటలతో పిలిచేవారు. వర్తకుల చెవికి అది ‘విస్కీ జాన్’ అని వినిపించింది. ఇంగ్లిష్‌లో జాన్‌కి ముద్దుపేరు జాక్. అలా విస్కీ జాక్ అయింది. విశాఖపట్నం వైజాగ్ అయినట్టే. ఈ పేరుకు మద్యంతో ఏ సంబంధమూ లేదు.

చివరన చేరిన ‘జాక్’ మాత్రం ఊరికే చేరలేదు. ఇంగ్లిష్‌లో జాక్ అంటే ఎవడో ఒకడు, మనవాడే, చనువుగా పిలవదగినవాడు. గిజిగాడులో ‘గాడు’ చేసే పని సరిగ్గా అదే. గూడల్లే పిట్టను తెలుగు రైతు మనిషిని చేసి పిలిచినట్టు, మంచు అడవిలో ఒంటరిగా ఉండే వర్తకుడు ఈ పిట్టను మనిషిని చేసుకున్నాడు.

క్రీ మాటకు ఇంకో లోతు ఉంది. క్రీ కథల్లో ‘విసాకెజాక్’ అనే పాత్ర ఉంటాడు. రూపాలు మారుస్తాడు, మోసం చేస్తాడు, మోసపోతాడు. వరద తర్వాత లోకాన్ని మళ్లీ కట్టింది కూడా అతడే. పిట్ట పేరూ ఈ పాత్ర పేరూ చెవికి ఎంత దగ్గరగా ఉన్నాయంటే, విస్కీ జాక్ అనే మాట విసాకెజాక్ నుంచే వచ్చిందని విస్తృతంగా చెప్పుకుంటారు. నిఘంటువులు పిట్టకున్న క్రీ పేరునే మూలంగా చూపిస్తాయి. వ్యుత్పత్తి ఎలా ఉన్నా, చేతిలోని ముక్క లాక్కుపోయి కొమ్మ మీద నుంచి వెనక్కి తిరిగి చూసే ఆ పిట్టలో విసాకెజాక్ కనిపించడం సహజమే. పక్కనే ఉన్న ఒజిబ్వే భాషలో దీని పేరు ‘గ్వీంగ్వీషి’. ఒకే అడవి, ఒకే పిట్ట, ఇంగ్లిష్ రాకముందే ఎన్నో పేర్లు. ‘అసలు పేరేది?’ అన్న చర్చలు తరచుగా శాస్త్రవేత్తలు పేర్లు పెట్టిన 1766లోనో 1831లోనో మొదలవుతాయి. ఈ పాత పేర్లను లెక్కలోకి తీసుకోని చర్చ సగం చర్చే.

ఇక అడవిలో పని చేసుకున్నవాళ్ల పేర్లు. వేటగాడు దుప్పినో మూస్‌నో కొట్టి తోలు వలుస్తుంటే మాంసం కోసం వచ్చి కూర్చునేది కాబట్టి మీట్ బర్డ్, మూస్ బర్డ్. గుడారాల్లోకి దూరి రొట్టె, పంది మాంసం ఎత్తుకుపోయేది కాబట్టి క్యాంప్ రాబర్. ఈ చివరి పేరును పడమటి కొండల్లో మరో బూడిదరంగు పక్షికీ వాడతారు. అది క్లార్క్స్ నట్‌క్రాకర్. ఇదీ కాకి కుటుంబమే, పైన్ గింజలు దాచుకుని బతుకుతుంది. 1805లో అన్వేషకుడు విలియం క్లార్క్ దాన్ని మొదటిసారి చూసినప్పుడు వడ్రంగిపిట్ట అనుకున్నాడు. దొంగతనం ఒకటే అయితే దొంగ పేరూ ఒకటే అనుకున్నారు గుడారాలవాళ్లు.

తూర్పున మేన్, న్యూ బ్రన్స్‌విక్ ప్రాంతాల్లో చెట్లు కొట్టే కూలీలు దీన్ని ‘గోర్బీ’ అన్నారు. ఆ మాట చుట్టూ ఒక గట్టి నమ్మకం అల్లుకుంది. చనిపోయిన కూలీల ఆత్మలే గోర్బీలుగా తిరుగుతాయని, దానికి ఏ హాని చేస్తే ఆ హానే మనిషికి తిరిగి తగులుతుందని. ఒక మనిషి గోర్బీని పట్టుకుని బతికుండగానే ఈకలన్నీ పీకి వదిలేశాడట. మర్నాడు పొద్దున లేచేసరికి అతని తల మీది జుట్టంతా దిండు మీద రాలి ఉందట. ఈ కథ ఆ ప్రాంతమంతా ఎన్ని రూపాల్లో తిరుగుతోందో జానపద పరిశోధకుడు ఎడ్వర్డ్ ఐవ్స్ సేకరించి 1961లో ప్రచురించాడు. ఆకలి, చలి, చెట్టు మీద పడి చనిపోయే ప్రమాదం రోజూ ఉండే కూలీల బతుకులో, వాళ్ల తిండిని పంచుకున్న ఈ పిట్ట తోటి కూలీ అయిపోయింది. దొంగ అని పిలిచిన జనంలోనే దాన్ని చనిపోయిన మిత్రుడిగా చూసినవాళ్లూ ఉన్నారు.

ఇంతకీ అంత తిండి ఏం చేస్తుంది? 70 గ్రాముల పిట్ట కడుపులో ఎంత పడుతుంది? ఎత్తుకుపోయిందంతా అక్కడే తినేయదు, దాచుకుంటుంది. ఈ పిట్ట బతుకంతా ఆ దాపరికం మీదే నడుస్తుంది. తిండిని నోట్లో తిప్పి జిగురు లాలాజలంతో ముద్ద చేస్తుంది. ఆ ముద్దను చెట్టు బెరడు పొరల కిందో, కొమ్మలకు వేలాడే లైకెన్ కుచ్చులోనో అంటిస్తుంది. ఒక ముద్ద ఒక చోట, ఇంకోటి ఇంకో చోట. ఈ జిగురు కోసం దాని లాలాజల గ్రంథులు మామూలు పాటపక్షులకు ఉన్నవాటికంటే బాగా పెద్దవిగా తయారయ్యాయి. వాల్టర్ బాక్ అనే శాస్త్రవేత్త 1961లో వాటిని వివరించాడు. వేసవి, శరత్తుల్లో పురుగులు, పండ్లు, కుక్కగొడుగులు, చచ్చిన జంతువుల మాంసం, ఏది దొరికితే అది ఇలా వేల ముద్దలుగా అడవి నిండా చేరుతుంది. మంచు నేలను కప్పేశాక ఆ చోట్లను గుర్తుపెట్టుకుని తీసుకుంటుంది. మనిషి పెట్టిన పేర్లలో దొంగతనం ఉంది కానీ ఈ ముందుచూపు లేదు. శాస్త్రీయ నామంలో మాత్రం అది దొరుకుతుంది. 1831లో చార్లెస్ బోనపార్ట్ పెట్టిన ‘పెరిసోరియస్’ అనే మాటకు, ‘చుట్టూ పోగుచేయడం’ అనే అర్థమున్న గ్రీకు క్రియ మూలమని ఒక వివరణ.

దాపరికం వల్ల ఈ పిట్టకు దొరికిన సౌకర్యం మరొకటి ఉంది. ఉత్తరాది అడవుల్లో చాలా పాటపక్షులు చలికాలం దక్షిణానికి వెళ్లిపోతాయి. ఇది కదలదు. జత కట్టిన మగా ఆడా ఏడాది పొడవునా ఒకే చోటును కాపాడుకుంటాయి. ఫిబ్రవరి, మార్చిలో, కొమ్మల మీద ఇంకా మంచు ఉండగానే గూడు కట్టి గుడ్లు పెడతాయి. బయట ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీలకు పడిపోయే రాత్రుల్లో కూడా తల్లి గుడ్ల మీద నుంచి లేవదు, మగ పిట్ట తిండి తెచ్చి పెడుతుంది. గూటి లోపల ఈకలు, జంతువుల బొచ్చు, గొంగళిపురుగుల పట్టుగూళ్లు పరుస్తాయి. మే, జూన్‌లో వాతావరణం హాయిగా మారినా రెండో కాన్పుకు దిగవు. జూన్ వచ్చేసరికి పిల్లల్లో బలమైనది మిగతావాటిని తరిమేసి తల్లిదండ్రుల దగ్గర తానొక్కటే ఉండిపోతుంది. తరిమివేతకు గురైనవాటిలో చాలా వరకు మొదటి చలికాలం చూడవు. చూడటానికి కఠినంగానే ఉంటుంది. కానీ దాచుకున్న తిండి ఎంతమందికి సరిపోతుందన్న లెక్క ఈ అడవిలో అంత కచ్చితం.

అధికారిక పేరు కథ దీనికి పూర్తిగా వేరు. 1760లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త బ్రిసోన్ కెనడా నుంచి వచ్చిన నమూనాను వర్ణించాడు. దాని ఆధారంగా 1766లో లినేయస్ ‘కోర్వస్ కెనడెన్సిస్’ అని పేరు పెట్టాడు, అంటే కెనడా కాకి. ఇంగ్లిష్‌లో ‘కెనడా జే’ అన్నది 19వ శతాబ్దమంతా పుస్తకాల్లో నిలిచిన పేరు. తర్వాత అమెరికా పక్షి శాస్త్రవేత్తల సంఘం తన జాబితాల్లో ఒక్కో ప్రాంతపు ఉపజాతికి ఒక్కో ఇంగ్లిష్ పేరు ఇస్తూ పోయింది. తూర్పువాటికి కెనడా జే, పసిఫిక్ వైపువాటికి ఒరెగాన్ జే, అక్కడి ఒక ఉపజాతికి గ్రే జే. 1957లో వెలువడిన జాబితాలో ఉపజాతుల పేర్లన్నీ తీసేశారు. మొత్తం జాతికి ఒకే పేరు కావలసి వచ్చింది. శాస్త్రీయ నామంలో కెనడా ఉంది, వందేళ్లకు పైగా వాడుకలోనూ కెనడా ఉంది. అయినా ఎంచుకున్నది గ్రే జే.

పైకి చిన్న మార్పే. కానీ ఆ పేరు ఏం చెబుతోంది? బూడిదరంగు అని. బూడిదరంగు పక్షులు లోకంలో ఎన్ని లేవు! పని చూసి పెట్టిన పేరు పిట్టను కళ్ల ముందు నిలబెడుతుంది. వడ్రంగిపిట్ట అనగానే చెట్టు మీద టకటక వినిపిస్తుంది, తేనెపిట్ట అనగానే పువ్వు కనిపిస్తుంది. చోటు చూసి పెట్టిన పేరు కనీసం ఎక్కడ వెతకాలో చెబుతుంది. రంగు ఒక్కటే చూసి పెట్టిన పేరు ఆ రెండూ చెప్పదు. కెనడా వాళ్లకు ఇంకో ముల్లు కూడా గుచ్చుకుంది. గ్రే అనే మాటను కెనడాలో ‘ఈ’ అక్షరంతో రాస్తారు, అమెరికాలో ‘ఏ’ అక్షరంతో. సంఘం జాబితాలో అమెరికా స్పెల్లింగే ఉండటంతో, తమ అడవి పిట్ట పేరును కెనడా పిల్లలు పొరుగు దేశపు అక్షరాలతో నేర్చుకోవలసి వచ్చింది.

ఈ పేరును వెనక్కి తెచ్చిన పోరాటంలో ముఖ్యుడు డాన్ స్ట్రిక్‌ల్యాండ్. ఆల్గోంక్విన్ పార్కులోనే ఉద్యోగం చేస్తూ 1960ల చివరి నుంచి దశాబ్దాలపాటు ఈ పిట్టల కాళ్లకు రంగు కడియాలు వేసి, ఒక్కోదాన్నీ విడివిడిగా గుర్తుపట్టి, వాటి కాపురాలు, గూళ్లు, చావులు నమోదు చేసిన మనిషి. పేరు ఎలా పోయిందో తెలుసుకోవడానికి సంఘం పాత జాబితాలు, ఉత్తర ప్రత్యుత్తరాలు తిరగేశాడు. 2017లో ఆ చరిత్రంతా వ్యాసంగా రాశాడు. సంఘం తన నియమాలను తానే సరిగా పాటించి ఉంటే ‘కెనడా జే’ పోయేది కాదని ఆధారాలతో చూపించాడు. తర్వాత సహచరులతో కలిసి అధికారికంగా ప్రతిపాదన పెట్టాడు. 2018లో ఆ సంఘానికి వారసురాలైన అమెరికన్ ఆర్నిథలాజికల్ సొసైటీ ఒప్పుకుని కెనడా జే పేరును తిరిగి ఇచ్చింది.

దానికి ముందే ఇంకో గొడవ నడిచింది. కెనడాకు జాతీయ జంతువు ఉంది, బీవర్. జాతీయ పక్షి మాత్రం లేదు. 2017లో దేశానికి 150 ఏళ్లు నిండుతాయి కదా అని, రాయల్ కెనడియన్ జియోగ్రాఫికల్ సొసైటీ 2015లో జనం అభిప్రాయం అడిగింది. దాదాపు 50,000 ఓట్లు పడ్డాయి. మొదటి స్థానం కామన్ లూన్ అనే నీటిపక్షికి, రెండోది మంచు గుడ్లగూబకి, మూడోది ఈ పిట్టకి. 2016 నవంబరులో సొసైటీ సిఫార్సు చేసింది మాత్రం మూడోదాన్నే. లూన్ అప్పటికే ఒంటారియో రాష్ట్ర పక్షి, డాలర్ నాణెం మీద కూడా అదే ఉంది. మంచు గుడ్లగూబ క్యుబెక్ పక్షి. ఈ పిట్ట ఏ రాష్ట్రానికీ చిహ్నం కాదు, కానీ ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. పైగా చలికి భయపడి దేశం విడిచి వెళ్లదు. వాదన బలమైనదే. లూన్‌కు ఓటేసినవాళ్లకు మాత్రం, అడిగి మరీ పక్కన పెట్టారన్న కోపం మిగిలింది, ఆ కోపమూ న్యాయమైనదే. ప్రభుత్వం మాత్రం జాతీయ పక్షిని ప్రకటించే ఆలోచన లేదంది. అలా సిఫార్సు సిఫార్సుగానే ఉండిపోయింది.

తెలుగువాళ్లకు ఇది కొత్త అనుభవం కాదు. రాష్ట్రం విడిపోయాక పాలపిట్టను తెలంగాణ తన పక్షిగా ఉంచుకుంది. దసరా నాడు పాలపిట్టను చూడటం అక్కడ పండుగలో భాగం కాబట్టి ఆ ఎంపిక జనం బతుకులోంచే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. ఓట్ల వరసను బట్టో, పంచుకోవలసిన చిహ్నాల లెక్కను బట్టో జరిగే ఎంపికకూ, పండుగ నాడు పొలం గట్టున నిలబడి ఆకాశం వైపు చూసే అలవాటుకూ చాలా దూరం. విస్కీ జాక్‌కు ఆ రెండో రకం గుర్తింపు ఎప్పటి నుంచో ఉంది.

పేరు తిరిగి వచ్చిన ఆల్గోంక్విన్‌లోనే పిట్ట తగ్గిపోతోంది. ఆ పార్కు దాని విస్తృతికి దక్షిణపు అంచు. స్ట్రిక్‌ల్యాండ్ పాలుపంచుకున్న గమనికలు అక్కడ దశాబ్దాల వెంబడి కొనసాగుతున్నాయి. వాటి ప్రకారం పిట్టల జంటలు సగానికి పైగా తగ్గాయి. 2006లో టామ్ వెయిట్, స్ట్రిక్‌ల్యాండ్ కలిసి దీనికి ఒక కారణం సూచించారు. ఈ పిట్ట దాచుకునేది ఎండబెట్టిన గింజలు కాదు, మాంసం, పురుగులు, పండ్ల వంటి పాడైపోయే తిండి. మన ఇళ్లలో ఒడియాలకు ఎండ ఎంత అవసరమో, ఈ నిల్వకు చలి అంత అవసరం. అడవే దానికి ఫ్రిజ్. శరత్తు వెచ్చగా సాగితే బెరడు కింద పెట్టిన ముద్దలు కుళ్లిపోతాయి. ఫిబ్రవరిలో గూడు కట్టే వేళకు నిల్వ చాలదు. వెచ్చని శరత్తుల తర్వాతి ఏడాది పిల్లలు తక్కువగా పుట్టడాన్ని వాళ్లు గమనించారు. తర్వాత గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన రయాన్ నోరిస్ బృందం, గడ్డకట్టడం, కరగడం మళ్లీ మళ్లీ జరిగే శరత్తులు మరీ నష్టమని చూపించింది.

అదే పరిశోధనలో తేలిన మరో సంగతి ఆ అడవి నడిచే తీరును ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. పార్కులో అన్ని చోట్లా తగ్గుదల ఒకేలా లేదు. స్ప్రూస్ వంటి సూదాకు చెట్లు ఎక్కువున్న చోట్ల జంటలు నిలిచాయి. ఆకురాల్చే చెట్లు ఎక్కువున్న చోట్లు ఖాళీ అవుతూ వచ్చాయి. మేపుల్, బర్చ్ బెరడు కింద కంటే స్ప్రూస్ బెరడు కింద దాచిన తిండి ఎక్కువ కాలం పాడవకుండా ఉంటుందని ప్రయోగాలు చూపించాయి. సూదాకు చెట్ల జిగురులో సూక్ష్మజీవులను అడ్డుకునే గుణం ఉండటం అందుకు కారణం కావచ్చు. ఈ పిట్ట సూదాకు అడవిని ఎందుకు వదలదో ఆ బెరడే చెబుతోంది.

బాన్ఫ్, జాస్పర్ వంటి జాతీయ ఉద్యానాల్లో వన్యప్రాణులకు తిండి పెట్టడం చట్టరీత్యా నేరం. అక్కడ డబ్బా మూసే ఉంచాలి. మూసి ఉంచినా సరే, స్ప్రూస్ నీడలో కాసేపు కదలకుండా నిలబడితే అది వచ్చి చూసి వెళ్తుంది. ఆల్గోంక్విన్‌లో అయితే దాని కాళ్ల వైపు చూడాలి. ఎరుపు, నీలం, పసుపు కడియాలు కనిపిస్తే, అది ఎవరి పిల్లో, ఏ ఏడాది పుట్టిందో, ఏ స్ప్రూస్ గుంపు దాని ఇల్లో ఎవరో ఒకరి నోటుపుస్తకంలో రాసి ఉంటుంది.